రాయగడ కేసు: నూటికి 59 గెలుపులు, ఐదు లక్షల నష్టం

ఒడిశా సరిహద్దు జిల్లా రాయగడలో పన్నులు, ఖాతాల పని చేస్తాను. నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగు వ్యాపార కుటుంబాలు ఎక్కువ. జేకేపూర్ కాగితం మిల్లు ఉద్యోగులు, గుణుపురం వైపు పత్తి వ్యాపారులు కూడా వస్తుంటారు. కొంతకాలంగా వారి బ్యాంకు కాగితాల్లో ఒక కొత్త పద్దు పదేపదే కనిపిస్తోంది. ఇంట్లో పాతికేళ్ల కొడుకో అల్లుడో షేర్ల బ్రోకరు ఖాతాకు పంపిన సొమ్ము అది. అలాంటి కేసుల్లో ఒకదాన్ని, కుటుంబం ఒప్పుకున్న మీదట, మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ పెడుతున్నాను. వారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలను మాత్రం ముట్టుకోలేదు.

ముందే ఒక మాట. ఏ షేరు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అని చెప్పడం నా పని కాదు. అది షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దగ్గర నమోదైన సలహాదారులు చేయాల్సిన పని. నేను చూసేది లెక్క. ఈ కేసులో మార్కెట్ మీద అతని అంచనాలు తప్పడం కంటే, ఆ లెక్క ఏనాడూ ఎక్కడా రాసి లేకపోవడమే ఎక్కువ చేటు చేసిందని నా నిశ్చితాభిప్రాయం.

కేసు వచ్చిన తీరు

తండ్రికి ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. పూర్వులు పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కుటుంబం 2025 జూన్‌లో కొత్తగా నా దగ్గరికి వచ్చింది. ఖరీఫ్ మొదలవుతోంది, సరుకు దింపాలి, బ్యాంకులో క్యాష్ క్రెడిట్ పరిమితి పునరుద్ధరించాలి, దానికి బాలెన్స్ షీటు కావాలి. అంతవరకే వారు చెప్పిన పని.

స్టేట్‌మెంట్ తిరగేస్తుంటే దుకాణం ఖాతా నుంచి కొడుకు ఖాతాకు వెళ్లిన మొత్తాలు కనిపించాయి. ఒకసారి 5 వేలు, ఒకసారి 12 వేలు, ఒక శుక్రవారం ఒక్కరోజే మూడు సార్లు. 2024 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మొత్తం రూ.1,51,600. అంతకు ముందు ఏడాది స్టేట్‌మెంట్ కూడా తెప్పిస్తే, 2024 జనవరిలో ఒకేసారి వెళ్లిన 80 వేలు బయటపడ్డాయి. ఇంటి ఖర్చు ఇలా ఉండదు. ఇంటి ఖర్చులో నెల మొదటివారం, పండగ, బడి ఫీజు వంటి ఆనవాళ్లు ఉంటాయి. ఇక్కడ అన్నీ షేర్ మార్కెట్ నడిచే వేళలో, ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం మూడున్నర మధ్యే జరిగాయి.

కొడుకును ఒక్కడినే పిలిపించుకుని మాట్లాడాను. వయసు 28, దుకాణంలో తండ్రికి సాయంగా ఉంటూ నెలకు 20 వేలు తీసుకుంటాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు. మొదట దుకాణం సొమ్ము ఒక్కటే అన్నాడు. తర్వాత తన పొదుపు 90 వేలు కూడా పోయిందన్నాడు. ఫోను యాప్‌లో తీసుకున్న 50 వేల అప్పు సంగతి రెండోసారి కూర్చున్నప్పుడు చెప్పాడు. తల్లి నగలు తాకట్టు పెట్టి తెచ్చిన రూ.1,30,000 గురించి అన్నిటికంటే చివర చెప్పాడు. ఈ వరుస నాకు కొత్త కాదు. ఇలాంటి కేసుల్లో అప్పులు సిగ్గు తక్కువైన దానితో మొదలై ఎక్కువైన దాని వైపు బయటికి వస్తాయి. మొదటి రోజు విన్న మొత్తాన్నే పట్టుకుని పరిష్కారం చెప్పేవారు సగం అప్పుకే మందు వేసినట్లవుతుంది. అందుకే బ్రోకరు నుంచి లెడ్జర్, లాభనష్టాల నివేదిక, కాంట్రాక్ట్ నోట్లు (ఆ రోజు కొనుగోళ్లు, అమ్మకాలు, ఖర్చుల బిల్లులు) అన్నీ దించుకుని రూపాయి రూపాయికీ మూలం కలిశాకే మాట్లాడతాను.

నాలుగు మూలాలూ కలిపితే రూ.5,01,600. బ్రోకరు ఖాతాలో తేలిన నష్టం కూడా సరిగ్గా అంతే.

మొదటి నెల లాభం

2023 ఆగస్టులో 20 వేలతో ఇంట్రాడే మొదలుపెట్టాడు. ఉదయం కొన్నది అదే రోజు సాయంత్రంలోగా అమ్మేయడం, లేదా ముందు అమ్మి తర్వాత కొనడం. నెలాఖరుకు ఖర్చులు పోను రూ.6,200 మిగిలాయి. నెలకు 20 వేల జీతం తీసుకునే మనిషికి, దుకాణంలో కూర్చునే, ఫోనులో ఆరు వేలు. ఈ కేసు మొత్తంలో అతనికి అత్యంత ఖరీదుగా పరిణమించిన సొమ్ము ఇదేనని నా అభిప్రాయం. మొదటి నెలలోనే 6 వేలు పోయి ఉంటే బహుశా అక్కడే ఆగేవాడు. వచ్చాయి కాబట్టి తనకు ఈ పని చేతనవుతుందని నమ్మాడు. తర్వాతి పద్నాలుగు నెలల్లో ఏ నష్టం వచ్చినా, ఆ ఆగస్టును చూపించి తనకు తానే జవాబు చెప్పుకున్నాడు.

ఆ నెలలో మార్కెట్లో ఏం జరిగిందో, తన ఎంపికలో ఏది పనిచేసిందో ఎక్కడా రాసుకోలేదు. తండ్రి నలభై ఏళ్లుగా రాత్రి దుకాణం కట్టేసే ముందు చిట్టా రాస్తాడు. ఒక యూరియా బస్తా అరువు పోయినా అందులో ఉంటుంది. కొడుకు ఆ పుస్తకం పక్కనే కూర్చుని రోజుకు లక్షల రూపాయల కొనుగోళ్లు, అమ్మకాలు చేశాడు. దానికి ఒక్క పేజీ లేదు. బ్రోకరు యాప్‌లో ఆరోజు లాభనష్టం పచ్చగానో ఎర్రగానో కనిపిస్తుంది, మర్నాడు ఉదయానికి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇంట్రాడే చేసే కొత్తవాడికి ఇంతకు మించిన అపాయం లేదు. పాత నష్టం ప్రతి ఉదయం కళ్ల ముందు నుంచి చెరిగిపోతుంది.

ఒక్క లావాదేవీ విప్పి చూస్తే

అతనితో కూర్చుని ఒక కాంట్రాక్ట్ నోటు తీసి గీత గీతా చదివాను. అది రోజూ సాయంత్రం ఈమెయిల్‌కు వస్తుంది. అతను ఒక్కటి కూడా తెరవలేదు.

రూ.500 షేరు, 200 కొన్నాడు. లక్ష రూపాయల కొనుగోలు. రూ.501కి అమ్మాడు. షేరుకు రూపాయి చొప్పున 200 లాభం, యాప్‌లోనూ అంతే కనిపించింది. ఇప్పుడు ఖర్చులు చూడండి. బ్రోకరేజీ కొన్నప్పుడు 20, అమ్మినప్పుడు 20. అమ్మకం విలువ మీద 0.025 శాతం సెక్యూరిటీల లావాదేవీ పన్ను, అంటే 25 రూపాయలు. ఎక్స్ఛేంజి రుసుము ఆరున్నర. కొనుగోలు మీద స్టాంపు డ్యూటీ 3. బ్రోకరేజీ, రుసుముల మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో ఎనిమిదిన్నర దాకా. సెబీ రుసుము పైసల్లో. అన్నీ కలిపి సుమారు రూ.83. రెండు వందల లాభంలో మిగిలింది 117. షేరు రూపాయి పెరగకుండా పడి ఉంటే, రెండు వందల నష్టం 283 అయ్యేది.

ఎనభై మూడు రూపాయలంటే పెద్దగా అనిపించదు. కానీ ఈ లక్ష రూపాయల కొనుగోలులో అతని సొంత సొమ్ము 20 వేలే. ఇంట్రాడేలో విలువలో కనీసం 20 శాతం మార్జిన్‌గా, అంటే సొంత సొమ్ముగా, ముందే కట్టాలన్న నియమం 2021 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అంటే ఐదింతల వరకు కొనవచ్చు. బ్రోకరేజీ, పన్ను లక్ష మీద లెక్కపెడతారు, పోయేది మాత్రం ఆ 20 వేలలోంచి. అతను చాలా రోజుల్లో నాలుగేసి లావాదేవీలు చేశాడు. రోజుకు 332 రూపాయలు. నెలకు 20 రోజులు మార్కెట్ ఉంటే రూ.6,640. పెట్టుబడిలో మూడో వంతు, ప్రతి నెలా, అతను గెలిచినా ఓడినా వెళ్లిపోతుంది. ఈ వ్యాపారంలో నష్టం లేకుండా నిలబడాలంటేనే నెలకు 33 శాతం సంపాదించాలి. ఎరువుల దుకాణంలో ఏడాదికి కూడా అంత లాభం రాదని అతనికి నేను చెప్పనక్కర్లేదు. కాగితం మీద ఆ అంకె చూసి చాలాసేపు లెక్కను మళ్లీ వేసుకున్నాడు.

2024 మార్చి వరకు ఎనిమిది నెలల్లో మొత్తం 562 ఇంట్రాడే లావాదేవీలు. వాటి ఖర్చులు రూ.46,900.

గెలిచినవి ఎక్కువే

ఈ 562లో 331 లాభాల్లో ముగిశాయి. నూటికి 59. ఈ మాట తండ్రికి చెప్పినప్పుడు ఆయన వెంటనే అడిగిన ప్రశ్న ఇది: "బాబూ, వాడు నూటికి అరవై గెలిచాడంటున్నారు. మరి డబ్బెక్కడికి పోయింది?"

గెలిచిన 331 లావాదేవీల్లో సగటు లాభం రూ.310. ఓడిన 231లో సగటు నష్టం రూ.623. గెలుపుల మొత్తం లక్షా రెండు వేల ఆరు వందల పైచిలుకు, ఓటముల మొత్తం లక్షా నలభై మూడు వేల తొమ్మిది వందల పైచిలుకు. ఖర్చులు కలపకముందే రూ.41,300 నష్టం. ఖర్చులు కలిపితే రూ.88,200.

ఈ తీరు ఇతని ఒక్కడిది కాదు, కొత్తవారి ఖాతాల్లో నేను దాదాపు ప్రతిసారీ చూసేది ఇదే. షేరు కాస్త పెరగగానే, వచ్చింది పోతుందేమోనన్న భయంతో అమ్మేస్తారు. తగ్గితే, తిరిగి వస్తుందన్న ఆశతో పట్టుకు కూర్చుంటారు. స్టాప్‌లాస్, అంటే ధర ఇంతకు పడితే దానంతటదే అమ్మేయమనే ఆర్డరు, పెట్టకపోవడం ఒక ఎత్తు, పెట్టింది ధర దగ్గరకు రాగానే కిందికి జరపడం ఇంకో ఎత్తు. ఇతని ఆర్డర్ల పుస్తకంలో స్టాప్‌లాస్ మార్చిన ఆనవాళ్లు వరుసగా కనిపిస్తాయి. ఒక మధ్యాహ్నం గంటన్నర వ్యవధిలో ఒకే షేరుకు ఐదు సార్లు కిందికి జరిపాడు.

సెబీ 2024 జులైలో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2022-23లో నగదు విభాగంలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో 71 శాతం మంది నష్టపోయారు. ఏడాదిలో 500కు మించి లావాదేవీలు చేసినవారిలో నష్టపోయినవారు 80 శాతం. ముప్పై ఏళ్లలోపువారిలో 76 శాతం. మా క్లయింటు ఈ రెండు గుంపుల్లోనూ ఉన్నాడు. ఎక్కువగా చేస్తే చెయ్యి తిరుగుతుందన్న నమ్మకం మనకు చాలా పనుల్లో నిజమే. ఇక్కడ ఎక్కువగా చేసినకొద్దీ ఖర్చే పెరుగుతుంది.

జనవరిలో ఒక రాత్రి

2024 జనవరిలో దుకాణం ఖాతా నుంచి వెళ్లిన 80 వేల కథ ఇది. కంపెనీల త్రైమాసిక ఫలితాలు వచ్చే కాలం. లక్ష రూపాయల విలువైన షేర్లు ఉదయం ఇంట్రాడేలో కొన్నాడు, మధ్యాహ్నానికి 4 శాతం పడ్డాయి. మూడు గంటలు దాటితే బ్రోకరే అమ్మేస్తాడు, అంటే 4 వేల నష్టం. నాలుగు వేలు ఒప్పుకోలేక, డెలివరీకి మార్చుకున్నాడు. డెలివరీ అంటే షేర్లు అదే రోజు అమ్మకుండా ఉంచుకోవచ్చు, కానీ పూర్తి సొమ్ము కట్టాలి. పక్కనే దుకాణం యూపీఐ ఉంది. రేపు ఉదయమే తిరిగి వేసేద్దామనుకుని 80 వేలు పంపాడు. మార్కెట్ మూసిన తర్వాత ఆ కంపెనీ ఫలితాలు వచ్చాయి. మర్నాడు ఉదయం షేరు మొదలవడమే ఇంకో 7 శాతం దిగువన. 89 వేలకు అమ్మాడు. ఖర్చులతో రూ.11,400 నష్టం. నాలుగు వేలతో తెగిపోయేది దాదాపు మూడింతలైంది.

నష్టం కంటే పెద్ద విషయం, ఆ 89 వేలు దుకాణానికి తిరిగి వెళ్లలేదు. బ్రోకరు ఖాతాలోనే ఉండిపోయాయి. అంతదాకా 20 వేలు, 30 వేలతో ఆడినవాడి చేతిలో ఇప్పుడు పెద్ద మొత్తం ఉంది. నష్టాన్ని పూడ్చాలన్న తొందరా ఉంది. మార్చి ఆఖరుకు ఖాతాలో రూ.70,400 మిగిలాయి. ఏప్రిల్‌లో ఆప్షన్స్ విభాగం తెరిచాడు.

ఆప్షన్స్: దిశ సరైనదే, గడువు కాదు

ఆప్షన్ కొనడమంటే ఏమిటో తండ్రికి చెప్పడానికి పొలం బయానా ఉదాహరణ పనికొచ్చింది. ఫలానా ధరకు కొంటానని బయానా ఇచ్చి, గడువులోగా ధర మనకు కలిసి రాకపోతే బయానా పోతుంది. ఇక్కడ గడువు వారం, ఒక్కోసారి ఒక్కరోజు. ఆ రోజుల్లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏదో ఒక సూచీకి రోజూ ఎక్స్‌పైరీ, అంటే ఆ గడువు ముగింపు, ఉండేది. సోమవారం మిడ్‌క్యాప్, మంగళవారం ఫిన్‌నిఫ్టీ, బుధవారం బ్యాంక్ నిఫ్టీ, గురువారం నిఫ్టీ, శుక్రవారం సెన్సెక్స్. ఎక్స్‌పైరీ రోజున ఆప్షన్ ధర, అంటే బయానా లాంటి ప్రీమియం, చవగ్గా ఉంటుంది, పది రూపాయలది యాభై అవుతుందన్న ఆశ ఉంటుంది. చాలాసార్లు మధ్యాహ్నానికి అది సున్నా అవుతుంది.

2024 జూన్ మొదటి వారం ఈ కేసుకు కేంద్రం. మే నెలాఖరులో తల్లి నగల మీద రూ.1,30,000 తెచ్చాడు. శనివారం సాయంత్రం లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. జూన్ 3, సోమవారం నిఫ్టీ మూడు శాతానికి పైగా పెరిగి 23,264 దగ్గర ముగిసింది. టెలిగ్రామ్ గుంపులో అందరూ కాల్ (సూచీ పెరిగితే లాభమిచ్చే ఆప్షన్) కొనమన్నారు. ఆ మధ్యాహ్నం 23,200 స్థాయికి, గురువారం ఎక్స్‌పైరీ ఉన్న నిఫ్టీ కాల్స్ రూ.1,20,000 ప్రీమియం పెట్టి కొన్నాడు. మంగళవారం ఓట్ల లెక్కింపు. నిఫ్టీ దాదాపు 6 శాతం కూలి 21,884 వద్ద ముగిసింది. సెన్సెక్స్ 4,389 పాయింట్లు పడింది. బుధవారం మళ్లీ మూడు శాతానికి పైగా పెరిగింది. అమ్మకుండా పట్టుకున్నాడు. గురువారం జూన్ 6న నిఫ్టీ 22,821 దగ్గర ముగిసింది, 23,200 దాటలేదు కాబట్టి అతని కాల్స్ విలువ సున్నా. మర్నాడు, శుక్రవారం, నిఫ్టీ 23,290కి చేరింది. సోమవారం నాటి స్థాయిని దాటేసింది.

ఆ శుక్రవారం సంగతి చెప్పేటప్పుడు మాత్రమే అతని గొంతు పూడుకుపోయింది. "సార్, నేననుకున్నట్టే పెరిగింది కదా!" అన్నాడు. పెరిగింది. సూచీ ఫండులో అదే సోమవారం లక్షా ఇరవై వేలు పెట్టినవాడు మంగళవారం కళ్లు మూసుకుని ఉంటే, శుక్రవారానికి అతని సొమ్ము అతని దగ్గరే ఉండేది. ఆప్షన్‌లో మార్కెట్ ఎటు పోతుందన్నది మొదటి ప్రశ్నే. ఎప్పటిలోగా, ఎంత మేర, ఎంత ప్రీమియం దగ్గర కొన్నాం అన్నవి ఇంకో మూడు. పెద్ద సంఘటన ముందు అందరూ కొంటారు కాబట్టి ప్రీమియం ముందే ఉబ్బి ఉంటుంది. కొత్తవాడు మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు వెతుక్కుంటాడు.

అక్కడి నుంచి అక్టోబరు దాకా జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. పోయింది రాబట్టాలన్న ఒక్క పట్టుదల. యాప్ అప్పు, దుకాణం నుంచి చిన్న చిన్న మొత్తాలు, మళ్లీ చిన్న చిన్న నష్టాలు. ఆప్షన్స్‌లో మొత్తం నష్టం ఖర్చులు కాకుండా రూ.3,64,000, ఖర్చులు రూ.38,000. సొమ్ము అయిపోయాక ఆగాడు.

ఇవి గాక టెలిగ్రామ్ గుంపుకు చందాగా కట్టిన 18 వేలు వేరే. నడిపే మనిషి తెలుగువాడే, మాట తీయన. అతని రిజిస్ట్రేషన్ నంబరు అడిగావా అంటే లేదన్నాడు. సెబీ దగ్గర నమోదైన రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐఎన్‌హెచ్ అక్షరాలతో, పెట్టుబడి సలహాదారు నంబరు ఐఎన్ఏతో మొదలవుతాయి. సెబీ వెబ్‌సైటులో పేరుతో సరిచూసుకోవచ్చు. ఆ గుంపులో అలాంటి నంబరు ఏదీ లేదు, లాభాల స్క్రీన్‌షాట్లు మాత్రం రోజూ ఉన్నాయి.

ఎదుటివైపు ఎవరు

క్లయింటును నేను అడిగిన ఒక ప్రశ్న: నీ ఆప్షన్ నీకు అమ్మింది ఎవరు? ఎప్పుడూ ఆలోచించలేదన్నాడు. ఆప్షన్స్‌లో ఒకరికి వచ్చింది ఇంకొకరి నుంచి పోయిందే, మధ్యలో ఖర్చులు. సెబీ 2024 సెప్టెంబరు నివేదికలో దీనికి జవాబు ఉంది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్ (అవీ గడువు ఒప్పందాలే), ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం లక్షా ఎనభై వేల కోట్ల రూపాయలకు పైనే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు ఒక్క శాతం. అదే కాలంలో 2023-24 ఒక్క ఏడాదిలోనే సంస్థల సొంత ట్రేడింగ్ విభాగాలు సుమారు 33 వేల కోట్లు, విదేశీ మదుపు సంస్థలు సుమారు 28 వేల కోట్లు ఖర్చులకు ముందు లాభపడ్డాయి. ఆ లాభంలో నూటికి 96, 97 వంతులు కంప్యూటర్ అల్గారిథమ్‌ల ద్వారా వచ్చినవే. రాయగడలో దుకాణం గల్లా పక్కన, బేరం వచ్చినప్పుడల్లా ఫోను పక్కన పెట్టి బస్తా తూచే కుర్రవాడు ఆ యంత్రాలతో సెకన్ల మీద పోటీ పడుతున్నాడు. వరుసగా రెండేళ్లు నష్టపోయాక కూడా నాలుగింట మూడు వంతుల మందికి పైగా మళ్లీ కొనసాగించారని అదే నివేదిక చెబుతోంది. చిన్న ఊళ్లవారికి ఇది ఎవరో నగరాల వారి సమస్య అనిపించవచ్చు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసే వ్యక్తుల్లో 72 శాతం మంది మొదటి ముప్పై నగరాల వెలుపలివారే.

2024 నవంబరు నుంచి సెబీ ఒక్కో ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే వారపు ఎక్స్‌పైరీ ఉంచింది, కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది. మంచి చర్యలే. అయినా 2024-25లో వ్యక్తుల నికర నష్టం లక్షా ఐదు వేల కోట్లు దాటింది, అంతకు ముందు ఏడాది కంటే 41 శాతం ఎక్కువ.

ఏం చేశాం

మొదటి పని, ఆప్షన్స్ విభాగాన్ని బ్రోకరు దగ్గర మూయించడం. యాప్ తీసేస్తే సరిపోదు, మళ్లీ వేసుకోవడానికి రెండు నిమిషాలు. రెండోది, దుకాణం ఖాతా యూపీఐని కొడుకు ఫోను నుంచి తొలగించడం. శిక్షలా అనిపించకుండా తండ్రే స్వయంగా, అందరి ఖాతాలూ సరిచేస్తున్నామని చెప్పి చేయించాడు.

తర్వాత లెక్క. కుర్రవాడు చదివింది ఒడియా మాధ్యమంలో, తండ్రి రాసేది తెలుగులో, కాంట్రాక్ట్ నోట్లు ఇంగ్లిషులో. పదిహేను నెలల వ్యవహారాన్ని తెలుగులో చిట్టా పద్ధతిలోనే రాయించాను. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, ప్రతి నెలాఖరుకు నిల్వ. తండ్రి చదవగలిగేలా ఉండాలన్నది ఒక కారణం. కొడుకు తన చేత్తో ప్రతి నెల నిల్వా వేయాలన్నది రెండోది. సెప్టెంబరు 2023 పేజీ దగ్గరే అతను ఆగిపోయాడు. ఆగస్టు లాభం అప్పటికే పోయి, రెండో నెలకే అతను నష్టంలో ఉన్నాడు. ఇది అతనికి తెలియదు. పదిహేను నెలల్లో పన్నెండు నెలలు తాను లాభానికి దగ్గర్లో ఉన్నానని అనుకుంటూ గడిపాడు.

అప్పుల్లో యాప్ అప్పును ముందు తీర్చారు, వడ్డీ అన్నిటికంటే ఎక్కువ అదే. దానికి తండ్రి దుకాణం వసూళ్లలోంచి ఇచ్చాడు. నగల అప్పు కొడుకు జీతంలోంచి నెలనెలా. తండ్రి కోపం తెచ్చుకుంటాడని నేను అనుకున్నాను. ఆయన మాత్రం చిట్టా అంతా చదివి, "నాకు మొదటి పేజీ అప్పుడే చూపించి ఉంటే బాగుండేదిరా" అని ఒక్క మాట అన్నాడు.

పన్నుల దగ్గర చేయగలిగింది కొంతే. 2023-24 రిటర్నును అతను ఇంటర్నెట్ సెంటరులో ఐటీఆర్-1లో జీతం మాత్రమే చూపి వేయించాడు. ఇంట్రాడే నష్టం స్పెక్యులేషన్ వ్యాపార నష్టం, డెలివరీ నష్టం స్వల్పకాలిక మూలధన నష్టం. గడువులోగా సరైన ఫారంలో చూపిస్తే మొదటిది నాలుగేళ్లు, రెండోది ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు. ఆ ఏడాది రిటర్ను సవరించే గడువు 2025 జనవరి 15తో ముగిసింది, నష్టం చూపడానికి గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను పనికిరాదు. ఆ రెండు నష్టాలూ పోయినట్లే. 2024-25కి మాత్రం ఐటీఆర్-3లో, గడువులోగా, ఆప్షన్స్ నష్టం రూ.4,02,000 చూపించాం. ఇది స్పెక్యులేషన్ కిందికి రాదు, మామూలు వ్యాపార నష్టం. జీతంతో సర్దుబాటు చేయడానికి వీల్లేదు, వ్యాపార ఆదాయంతో ఎనిమిదేళ్ల దాకా చేసుకోవచ్చు.

రిటర్ను వేసిన కొద్ది రోజులకే కుర్రవాడు వచ్చి ఒక ప్రశ్న వేశాడు. ఇదే ప్రశ్న మిగతా క్లయింట్లూ అడుగుతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. "నాలుగు లక్షల నష్టం ముందుకు వచ్చింది కదా సార్, అంతవరకు లాభం వస్తే పన్ను పడదు. ఈ అవకాశం వృథా చేయడం ఎందుకు, కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టనా?"

అతని ముందే లెక్క వేశాను. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి మొత్తం ఆదాయం 12 లక్షల వరకు రిబేటు వల్ల పన్ను పడదు. అతని జీతం ఏడాదికి రూ.2,40,000. నష్టం సర్దుబాటు లేకుండానే, ఆప్షన్స్‌లో నాలుగు లక్షలు సంపాదించినా అతను కట్టాల్సిన పన్ను సున్నా. అంటే ముందుకు తెచ్చిన ఆ నష్టం అతనికి ఒక్క రూపాయి పన్ను కూడా తగ్గించదు. లేని పన్నును ఆదా చేయడానికి ఉన్న జీతాన్ని పెట్టనక్కర్లేదు. ఎరువుల డీలర్‌షిప్ అతని పేరు మీదికి వచ్చి, దుకాణం బాగా పెరిగి ఆదాయం ఆ పరిమితి దాటితే, ఎనిమిదేళ్లలోగా ఆ వ్యాపార లాభంతోనే ఈ నష్టాన్ని సర్దుకోవచ్చు. దానికి ట్రేడింగ్ అవసరం లేదు.

దాంతో ఆ ప్రస్తావన అక్కడికి ఆగింది. ఆప్షన్స్ విభాగం మూసే ఉంది. బ్యాంకు పరిమితి పాత మొత్తానికే పునరుద్ధరణ అయింది. నగల అప్పులో ఇంకా 58 వేలు ఉంది, జీతంలోంచి వాయిదా ప్రతి నెలా కడుతున్నాడు. ఆ చిట్టా పుస్తకం వాళ్ల దుకాణంలోనే ఉంది, కట్టిన ప్రతి వాయిదానూ అందులోనే రాస్తున్నాడు.